మునస్వామి గుండు

చిత్తూరు పక్కన మామిడితోట పెట్టుకొని బతికే మునస్వామికి లోకంలో రెండే గర్వాలు. ఒకటి, కూతురు ఐశ్వర్య. కొండకు వచ్చేపొయ్యేవాళ్ల కోసమని కొత్తగా కట్టిన చిన్న విమానాశ్రయంలో, బ్యాగుల లోపల చూసే మిషను కాడ ఆ పిల్లకు ఉద్యోగం. రెండోది, తన తమిళం. ముప్పయ్యేండ్లు వేలూరు మండీకి కాయలు తోలిన మనిషి, తనకు తమిళం రాదంటే ఒప్పుకుంటాడా? ఆ రెండో గర్వం వచ్చి మొదటిదాని నెత్తినెక్కుతుందని పాపం ఆయనకేం తెలుసు!

కూతురికి ఉద్యోగమొస్తే తలనీలాలిస్తానని మొక్కుకున్నాడు. వచ్చింది. ఇచ్చినాడు, మీసంతో సహా. మరుసటి దినమే, ఐశ్వర్య జీతంలో తీసిన టికెట్టు జేబులో పెట్టుకొని, హైదరాబాదులో ఉండే తమ్ముడు గిరిప్రసాద్ ఇంటికి బయల్దేరినాడు. విమానమెక్కడం అదే మొదలు.

"నాయనా, ఆడ నన్ను ఎరగనట్టే ఉండు," అని ముందే చెప్పింది ఐశ్వర్య. "నా ప్రొబేషను ఇంకా పదిహేను దినాలుండాది. సొంత మనుషుల్ని చూసీచూడనట్టు వదిలేసిందని ఎవురన్నా రాసినారంటే ఇంటికి పంపిచ్చేస్తారు."

"నేనేమన్నా పసిపిల్లోడినా? నీ పేరు ఎత్తితే ఒట్టు," అన్నాడు మునస్వామి.

లైన్లో నిలబడినాడు. చెప్పులిప్పమన్నారు, ఇప్పినాడు. ఎవడో యాడనో బూటులో బాంబు పెట్టుకొచ్చినాడంట, ఆ పొద్దు నుంచి లోకమంతా కాళ్లు బయటపెట్టాల్సిందే. కొండకు పోయొచ్చినోళ్లకు చెప్పులిప్పేది కొత్తా ఏంది! ఇంకెవుడో సీసాలో మందు కలిపి విమానం పేల్చాలని చూసినాడంట, అందుకని నీళ్లూ నూనెలూ కూడా దొంగలైపోయినాయి. బాంబు పెట్టాలనుకున్నోడు మాత్రం ఏ ఒక్క లైన్లోనూ నిలబడడు. నిలబడేదంతా మునస్వాములే.

మిషను వెనక ఐశ్వర్య కూర్చోనుంది. ముఖంలో ఈగ వాలినంత కదలిక కూడా లేదు. బ్యాగు ఆపింది. పెండ్లాం నిర్మలమ్మ తన మరిదికని కట్టిచ్చిన ఆవకాయ జాడీ బయటికి తీయించింది.

"నూనె ఉండాది. పోనియ్యం," అంది.

అమ్మ చేతి ఆవకాయ! గుర్తుపట్టకుండా ఉంటుందా? మునస్వామికి ఒళ్లు మండింది. అంతలోనే ఒట్టు గుర్తొచ్చి, "సరే మేడమ్," అన్నాడు. ఐశ్వర్య చీటీ రాసి జాడీకి అంటించి పక్కన బల్ల మీద పెట్టింది.

అవతల ఇన్‌స్పెక్టరు ముత్తుపాండి నిలబడుండాడు. తిరునెల్వేలి మనిషి, బదిలీ మీద వచ్చి రెండు దినాలైంది, తెలుగు ముక్క రాదు. కార్డులో ఫొటో చూసినాడు. ఒత్తైన జుట్టు, మెలేసిన మీసం. ఎదురుగ్గా చూస్తే ఒక్క వెంట్రుక లేదు. ఇది నువ్వేనా అని తమిళంలో అడిగినాడు.

తమిళం చెవిన పడేసరికి మునస్వామికి ప్రాణం లేచొచ్చింది. నవ్వు ముఖంతో, గొంతెత్తి, "నాన్‌దాన్ సార్! నేత్తు మలైలె గుండు పోట్టేన్!" అన్నాడు.

ఇన్‌స్పెక్టరు చెయ్యి నడుము మీదికి పోయింది. నువ్వొక్కడివేనా అని అడిగినాడు.

"నాన్ మట్టుమా సార్! దినం ఆయిరం పేరు గుండు పోడ్రాంగ!"

ఈడ ఒక సంగతి చెప్పాల. మన గుండును తమిళంలో మొట్టై అంటారు. గుండంటే వాళ్లకు బాంబు. మునస్వామి మండీ తమిళంలో కాయుంది, గంపుంది, ధరుంది. ఈ బేరం మాత్రం ఎప్పుడూ తగల్లేదు. అంటే ఆ మహానుభావుడు, నిన్న కొండ మీద బాంబు వేసినాను, నేనొక్కణ్ణే ఏంది, దినానికి వెయ్యిమంది వేస్తారు అని పళ్లన్నీ కనబడేటట్టు నవ్వుతా చెప్పినాడన్నమాట!

సైరను మోగింది. అత్యవసరంలో ఏం చెయ్యాలో రాసిన మూడొందల పేజీల పుస్తకం ఒకటుంది. అది బీరువాలో ఉంది, బీరువా తాళం మేనేజరు కాడుంది, మేనేజరు ఎవరో పెద్దాయనకు శాలువా కప్పేదానికి పోయుండాడు. జనమంతా గుమికూడాల్సిన చోట ఆ పెద్దాయన కార్లు పెట్టుండాయి. అందుకని ప్రయాణికులు ఎండలో నిలబడినారు. అనుమానితుడికి జుట్టు లేదు, జతగాళ్లు ఉంటారు, అట్లాంటోళ్లను పక్కకు తీయండి అని వాకీటాకీలో చెప్పినారు. నూటపన్నెండు మందిలో అరవైయొక్కరు పక్కకొచ్చినారు. వాసన పట్టే కుక్క మునస్వామిని మూచూసి వదిలేసి, ఒకాయన లడ్డూ సంచి ముందర కూర్చునింది. కుక్క కూర్చుంటే బాంబు ఉన్నట్టంట. లడ్డూ చుట్టూ ఇసుక మూటలు పేర్చినారు.

మునస్వామిని ఒక గదిలో కూర్చోబెట్టినారు. తాను నోరు జారినాడని తెలిసింది గాని, యాడ జారినాడో అంతుబట్టలేదు.

లోపల నీకు తెలిసినోళ్లెవరు, అని తమిళంలోనే అడిగినాడు ముత్తుపాండి.

"ఎవురూ లేరు సార్."

టికెట్టు ఎవరు కొన్నారు?

మునస్వామి పెదవులు బిగించినాడు. చెప్తే బిడ్డ ఉద్యోగం పోతాది. తనను జైల్లో పెట్టినా తోట కాపుకొచ్చేలోపల వదలకపోతారా? ఆ మౌనం చూసి ఇన్‌స్పెక్టరుకు అనుమానం ముదిరిపోయింది. తెలుగూ తమిళమూ రెండూ వచ్చినోళ్లెవరన్నా ఉంటే పిలవమన్నాడు.

వచ్చింది ఎవురనుకున్నారు? ఐశ్వర్యే.

ఆ పిల్ల గడప దాటిందో లేదో మునస్వామి గోడవైపు తిరిగి, "ఈ పాపెవురో నాకు తెలీదు సార్!" అన్నాడు తమిళంలో.

"నేను అడగలేదే!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

జరిగిందంతా విని ఐశ్వర్య కళ్లు మూసుకుంది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. గుండంటే మొట్టై సార్, అని విడమరిచి చెప్పింది. కిటికీలోంచి ఎండలో మాడతా ఉండే అరవైయొక్క గుండ్లను చూపించింది. ముత్తుపాండి వాటిని చూసినాడు, మునస్వామి తలను చూసినాడు, కుర్చీలో కూలబడినాడు.

ఇంక రిపోర్టు ముగించాల. ఫారంలో ఆఖరి వరస ఒకటి మిగిలుండాది. మాటలు తర్జుమా చేసినవాళ్లకూ అనుమానితుడికీ ఏమన్నా సంబంధం ఉందా అని.

"లేదని రాస్తాను," అన్నాడాయన పెన్ను తీసి.

"లేదనే రాయండి సార్," అన్నాడు మునస్వామి ఆత్రంగా.

ఐశ్వర్య నాయనవైపు చూసింది. నాయన కాళ్లకు చెప్పుల్లేవు. నున్నటి తలమీద చెమట కారతా ఉంది. ఆ జుట్టు ఎవురికోసం పోయిందో ఆ పిల్లకు తెలుసు.

"ఆయన మా నాయన సార్," అంది.

"అయిపాయె!" అని తల పట్టుకున్నాడు మునస్వామి.

ముత్తుపాండి పెన్ను ఆగింది. "బ్యాగు ఎవరు చూసినారు?"

"నేనే సార్. లైన్లో వచ్చినాడు, చూసినాను."

ఆయన లేచి బయటికి పోయినాడు. బల్ల మీద ఆవకాయ జాడీ, దానిమీద ఆ పిల్ల చేతిరాతతో చీటీ. జాడీ తెచ్చి ఫారం పక్కన పెట్టుకొని చానాసేపు రాసినాడు. తండ్రని చెప్పకుండా బ్యాగు చూసింది తప్పే, కన్నతండ్రి జాడీని కూడా వదల్లేదు అనే రెండూ రాసి, సంతకం పెట్టి, నువ్వు డ్యూటీకి పోమ్మా అన్నాడు.

విమానం ఎప్పుడో వెళ్లిపోయింది. సాయంత్రం డ్యూటీ దిగి, జాడీ చంకలో పెట్టుకొని ఐశ్వర్య గేటు బయటికొచ్చింది. మునస్వామి దిమ్మె మీద కూర్చోనుండాడు. అడగాలంటే భయం.

"ఉద్యోగం ఉండాదా, పోయిందా?"

"ఉండాది నాయనా. ఇంకోతూరి సొంత మనుషులొస్తే ముందే చెప్పి పక్కకు జరగమన్నారు."

మునస్వామికి కళ్లల్లో నీళ్లు తిరిగినాయి. నెత్తి తడుముకుంటా, గేటు కాడ తుపాకీ పట్టుకొని నిలబడినోళ్లందరికీ వినపడేటట్టు అరిచినాడు.

"అట్లయితే నా గుం—"

ఐశ్వర్య గబుక్కున నాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.