చెప్పని చెక్

నిజామాబాద్ జూనియర్ చెస్ పోటీలో హిబా గెలిచేలాగే ఉంది. ధీమాగా రాణిని జరిపింది. ఎదుట కూర్చున్న సుష్మ చెయ్యెత్తి ఆర్బిటర్‌ను పిలిచింది.

"నీ రాజుకు చెక్ ఉందమ్మా, సూసుకోలేదా? ముట్టుకున్న రాణినే అడ్డం పెట్టాలె" అన్నాడాయన.

పెట్టక తప్పలేదు. సుష్మ బిషప్‌తో రాణిని కొట్టేసింది.

"చెక్ ఇస్తే చెప్పాలె గద!" హిబా మండిపడింది.

"చెప్పాలని రూల్ లేదు" అంది సుష్మ.

ఓడి బోధన్‌లోని ఇల్లు చేరిన హిబా ముందు, ఆట నేర్పిన తండ్రి ముష్తాక్ బోర్డు పరిచాడు. "ఎక్కడ తప్పినవ్? సూపియ్."

ఆమె పావులు పేర్చింది. ఆయన బిషప్‌ను జరిపి చెక్ ఇస్తూ, ఎప్పటిలాగే బల్ల గుద్ది, వీధంతా వినబడేలా "శహ్!" అని అరిచాడు.

హిబా బోర్డు తోసేసింది. "గిట్ల అరిచి అరిచి నాకు సూసుడే నేర్పకపోతివి, అబ్బూ!"