దక్షిణపు గాలి, నెమ్మది

‘దక్షిణపు గాలి, నెమ్మది’ అని, పడవవాళ్లు గాలి చూసుకునే వెబ్ పేజీలో రెండు ట్యాగుల మధ్య టైపు చేసి, జగన్నాథం చొక్కా అంచుతో కళ్లజోడు తుడుచుకున్నాడు. ఇంకా తెల్లవారలేదు. ఎడమ భుజం లాగుతోంది. తెనాలిలో పడవల సంఘం ఆఫీసంటే మెట్ల కింద గది. పెళ్లీ పెటాకులూ లేని మనిషి, పడకా అక్కడే.

ఫోన్ మోగింది. రేపల్లె దిగువ రేవు నుంచి గంగయ్య.

“అన్నయ్యా, వేటకు పోవచ్చా?”

“నెమ్మదేరా. వెళ్లిరా.”

ఒకప్పుడు ఈ టైపింగు లేదు. ఆ పేజీకి మూలమైన ఎక్స్ఎంఎల్ పత్రం నడుమ ఆయన రాసిపెట్టిన కోడ్ ఉండేది. ఎవరు పేజీ తెరిచినా సర్వర్ దాన్ని నడిపి, వాతావరణ శాఖ చెప్పిన అప్పటి గాలిని తెచ్చి అక్కడ పెట్టేది. బతుకులో ఆయన చెప్పుకోదగ్గ పని అదొక్కటే. సంఘం చవక సర్వర్‌కు మారింది. అది ఆ పత్రాల్లోని కోడ్‌ను నడపదు. గాలికి బదులు కోడే కనబడింది, విస్తట్లో బియ్యం వడ్డించినట్టు.

“సర్వర్లో ఒక్క సెట్టింగు మార్పించండి సార్,” అని కార్యదర్శి విజయసారథిని ఎన్నిసార్లో అడిగాడు. ఆ రోజూ అడిగాడు.

“చూద్దాంలెండి. పేజీ బానే వస్తోందిగా.”

బానే వస్తోంది, ఈయన రోజూ వాతావరణ శాఖ మాట చూసి చేత్తో పెడుతున్నాడు గనక. చెప్పినా ఎవరికి పట్టింది?

దీపాలవేళకు రోజూ ఆ మాట చెరిపేస్తాడు. నిన్నటి గాలి చూసి ఎవరూ పడవ దించకూడదు. ఖాళీగా ఉంటే ఆగుతారు.

ఆ సాయంత్రం చెరపడానికే కూర్చున్నాడు. నొప్పి ఛాతీలోకి దిగింది. కాసేపు తల వాలుద్దామని బల్ల మీద ఆనించి, మళ్లీ ఎత్తలేదు. టీ తెచ్చిన మంగాయమ్మ చూసి నలుగుర్నీ పిలిచింది. విజయసారథి వచ్చి, “పాపం, మంచోడండి,” అని కంప్యూటర్ ఆపి గదికి తాళం వేశాడు. పేజీ ఎక్కడో సర్వర్‌లో అలాగే ఉంది. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

తెల్లవారుజామున రేవులో గాలి తిరిగింది. గంగయ్య భార్య పేరంటాలు ఆకాశం చూసి, “ఇయ్యాల వద్దయ్యా,” అంది.

తెనాలి కబురు రేవుకింకా చేరలేదు. గంగయ్య ఫోన్‌లో పేజీ తెరిచాడు. ఖాళీగా లేదు.

“అన్నయ్య పెట్టేశాడే. చూడకుండా పెట్టడాయన,” అని ఫోన్ ఆమె చేతికిచ్చి పడవ దించాడు.

పొద్దెక్కేసరికి సముద్రం లేచింది. మిగతా పడవలు దొరికిన ఒడ్డుకు చేరాయి, గంగయ్యది చేరలేదు. చీకటి పడ్డా పేరంటాలు ఇసుకలోనే కూర్చుంది. ఒళ్లో ఫోన్ వెలుగుతోంది: దక్షిణపు గాలి, నెమ్మది.