ఏం వండారని అడగని గది

"నెట్ ఇంక రాలే. రోజూ గదే అడుగుతవేంది," అన్నాడు మా ఆయన కనకరాజు, నేను ఇస్త్రీ చేసిన చొక్కాకు గుండీలు పెట్టుకుంటూ.

మా వీధి చివర పైపుల కోసం తవ్వినప్పుడు కేబుల్ తెగింది. తెగడం నిజమే, ఆ రోజు వీధంతా గగ్గోలు పెట్టింది. నా ఫోన్‌లో మాట్లాడుకోవడానికి మాత్రమే రీచార్జి. "ఇంట్ల వైఫై ఉండంగ నీకు డాటా ఎందుకు?" అని నాకు పొదుపు నేర్పిన మనిషి మా ఆయన. ఆయన ఫోన్‌లో మాత్రం డేటా ఉంటుంది, ఉప్పల్‌లో ఆఫీసు పని కదా. ఆ ఆఫీసు పనిలో క్రికెట్ కూడా ఉంటుంది.

నాకు నెట్ కావలసింది ఒక్క గది కోసం. ఆదివారం మధ్యాహ్నం ఫోన్‌లో తెరుచుకునే మాటల గది. అందరం ఆడవాళ్లమే. కాప్రా నుంచి, మల్కాజిగిరి నుంచి, ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఒకరు కథ చదువుతుంటే మిగతా వాళ్లం గిన్నెలు తోముతూ, బట్టలు మడతపెడుతూ వింటాం. తర్వాత దాని గురించి వాదించుకుంటాం. అక్కడ ఒకటే నియమం: "ఇవాళ ఏం వండారు?" అని ఎవరూ ఎవర్నీ అడగకూడదు. ఆ నియమం పెట్టింది నేనే. పెళ్లయి ఈ నాచారం ఇంటికి వచ్చినప్పటి నుంచి నన్ను ఇంకో ప్రశ్న అడిగిన వాళ్లు లేరు మరి. "గౌతమి గారూ, మీరేమంటారు?" అని ఆ గదిలో మొదటిసారి అడిగినప్పుడు, నన్నేనా అని వెనక్కి తిరిగి చూశాను. అంత అలవాటు లేని మాట అది.

అదే ఆయనకు కంట్లో నలుసైంది. "పక్కింటోళ్లు అడుగుతుండ్రు, నీ పెండ్లాం ఎవలతోటి గంత నవ్వుతదని," అన్నాడొకసారి. నేను ఏడ్చినప్పుడు మాత్రం ఏ పక్కింటి వాళ్లూ అడగలేదు.

నిన్న కేబుల్ రమేష్ పక్కింటికి వస్తే పట్టుకుని దులిపేశాను. అతను తెల్లమొహం వేశాడు.

"వదినా, లైన్ గప్పుడే జోడిచ్చినం. అన్ననే పాస్‌వర్డ్ మార్పిచ్చిండు. పిల్లలు ఫోన్ పట్టుకొని ఖరాబైతుండ్రన్నడు."

మాకున్నది ఒక్కతే కూతురు. అది వరంగల్‌లో హాస్టల్‌లో ఉంటుంది. ఈ ఇంట్లో ఫోన్ పట్టుకుని చెడిపోతున్న పిల్లను నేనే, నలభై దాటిన పిల్లను. ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే కోపమొచ్చింది. నిజంగా నెట్ లేకపోతే సర్దుకునేదాన్ని, సర్దుకోవడం నాకేం కొత్త. కానీ నేనిచ్చిన చాయ్ తాగుతూ, నా కళ్లలోకి చూస్తూ, రోజూ రాలేదనే చెప్పాడు. రమేష్ కొత్త పాస్‌వర్డ్ చెప్పి వెళ్లాడు. మా ఆయన బండి నంబరే.

ఇవాళ ఆదివారం. ఆయనకు అన్నం వడ్డించి, ఫోన్‌ను అదే బల్ల మీద పప్పు గిన్నె పక్కన పెట్టి గది తెరిచాను. ఎప్పటిలా ఇయర్‌ఫోన్స్ పెట్టుకోలేదు. స్పీకర్ నొక్కాను.

"గౌతమి గారు వచ్చారండీ," అంది ఫోన్‌లోంచి గీతిక. "మీరు చదవాల్సిన కథ అలాగే ఉంచాం. నెట్ పోయిందేమో అనుకున్నాం, బాగయిందా?"

ఆయన తేలు కుట్టిన దొంగలా కంచంలోకి చూస్తున్నాడు. కేబుల్ తెగిందన్న మాట నా నాలుక మీద సిద్ధంగా ఉంది. మొగుడి పరువు కాపాడే మాటలు మాకెప్పుడూ సిద్ధంగానే ఉంటాయి.

"నెట్ పోలేదండీ. మా ఆయన నాకు రాకుండా చేశాడు," అన్నాను.

"బంద్ జెయ్యి. ఇజ్జత్ తీస్తవా?" అన్నాడు ఆయన లోగొంతుకతో.

చారు గిన్నె ఆయన వైపు జరిపాను. కావాలంటే వడ్డించుకుంటాడు.

పోయిన వానాకాలం, పిడుగు పడి రౌటర్ కాలిపోయిందని చెప్పి నెల్లాళ్లు కనిపించని కాప్రా కామాక్షి గారు, టీచరుగా రిటైరైన పెద్దావిడ, ఫోన్‌లో గొంతు సవరించుకున్నారు.

"మా ఇంటి మీద పిడుగేం పడలేదమ్మా," అన్నారు.