పోర్టు తెరువక్కా

2007లో మా అమ్మాయి హరితకు హిందూపురంలో ఒక బట్టల కంపెనీ ఆఫీసులో పని దొరికింది. పెనుకొండ నుంచి రోజూ రైలుకు పోయివచ్చేది. రైలు కాస్త ఆలస్యమైతే చాలు, పట్టాల మీద ఏదో జరిగిందని నా ప్రాణం కొట్టుకునేది. ఆరు నెలలు చూసి పని ఖాయం చేస్తామన్నారు.

ఆ ఆఫీసులో కంప్యూటర్ల వైర్లన్నీ స్విచ్ అనే పెట్టెలోకి పోతాయట. అందులో వైరు దూర్చే రంధ్రాన్ని పోర్టంటారు. ఒక్కో పోర్టుకు ఒక్కో కంప్యూటరు గుర్తు నేర్పి పెడతారు. ఆ వైరుకు వేరే కంప్యూటరు తగిలిస్తే పోర్టు మూసుకుపోతుంది. పెట్టె చూసుకునేవాడు తెరిచేదాకా పని సాగదు. బయటివాళ్లు చొరబడకుండా ఆ కాపలా.

చూసుకునేవాడు ఆనంద్. కావాలనే హరిత వైరు తీసి తన కంప్యూటరుకు తగిలించేవాడు. హరిత కొట్టాల్సిన బిల్లులు ఆగిపోయేవి, మేనేజరు తిట్టేవాడు. అందరి ముందు నిలబడి బతిమాలితేగానీ తెరిచేవాడు కాదు. వినపడలేదంటూ మళ్లీ మళ్లీ అడిగించేవాడు. పిల్ల ఇంటికొచ్చి అన్నం ముందు ఏడిస్తే, ఏ అఘాయిత్యం చేసుకుంటుందోనని వెనకాలే తిరిగేదాన్ని.

అయినా ఓర్చుకుంది. వాడు చేసేది చూసి నేర్చుకుంది. పని ఖాయమైంది. వాడు బెంగళూరుకు పోయాక పెట్టె హరిత చేతికొచ్చింది.

ఒకరోజు క్యారియరు మరిచిపోయి పోయింది. ఆకలికి కళ్లు తిరిగి పడిపోతుందేమోనని నేనే తీసుకెళ్లాను. హరిత బల్ల ముందు అశ్విని అనే పిల్ల నిలబడి ఉంది. కర్ణాటక సరిహద్దులోని మడకశిర నుంచి వచ్చి కొత్తగా చేరింది. కింద ధర్మవరం పోయే లారీ ఇంజను ఆపకుండా బిల్లు కోసం కాచుకొని ఉంది. ఈసారీ బిల్లు అందకపోతే రేపటి నుంచి రావద్దని మేనేజరు చెప్పాడట. అశ్విని వైరు హరిత కంప్యూటరుకు తగిలించి ఉంది.

"అక్కా, పోర్టు తెరువక్కా."

హరిత క్యారియరు మూత తీసింది. "వినపడలే పాపా."

వెనక బల్లలవాళ్లు నవ్వారు.

"తెరువు హరితా, లారీ పోతాది" అన్నాను.

"నువ్వుండు మా. నేనెన్నిసార్లు అడిగినానో నీకు తెలీదా? ఏం పాపా, మీ మడకశిరలో ఇంత మెల్లగానే మాట్లాడతారా? కన్నడంలో అడుగు, చూద్దాం."

ఆ పిల్ల కన్నడంలోనూ అడిగింది. నవ్వులు పెద్దవయ్యాయి. హరిత అన్నం కలుపుకుని తినసాగింది. కింద లారీ కదిలిన చప్పుడయింది.

అప్పుడు వైరు పీకి ఆ పిల్ల చేతికిచ్చి, ఎడమచేత్తో రెండు మీటలు నొక్కింది.

"తెరిచినా, పో." నా వైపు తిరిగింది. "చారులో ఉప్పు తక్కువైంది మా."

అశ్విని సంచి తీసుకుని మెట్లు దిగింది. మడకశిరలో ఆ పిల్ల వచ్చే బస్సు కోసం ఎవరు చూస్తూ ఉంటారోనని అనుకుంటూ, ఖాళీ గిన్నెలు ఒకదానిపై ఒకటి సర్దాను.