ఎడమ కొమ్ము వాలిన గేదె

వాల్తేరులో జరిగే అర్థశాస్త్ర సదస్సులో పరిశోధనా పత్రం చదవవలసిందిగా నరసరావుపేట కళాశాల అధ్యాపకుడొకరికి ఆహ్వానం రావడం అదే ప్రథమం. అది 1961వ సంవత్సరం. దసరా సెలవులు ముగిసిన మర్నాడే ప్రిన్సిపాలు గారు సభ ఏర్పాటు చేశారు. ఎర్ర మఖమలు కుర్చీలో రాజారత్నాన్ని కూర్చోబెట్టి, బంతిపూల దండ వేసి, జరీ అంచు శాలువా కప్పి, "పల్నాడు పౌరుషానికే కాదు, పరిశోధనకు కూడా పుట్టినిల్లని లోకానికి చాటబోతున్న మేధావి!" అని ఎలుగెత్తి పలికారు. విద్యార్థులు చప్పట్లు కొట్టారు. సభ ముగియగానే అటెండరు షబ్బీర్ వచ్చి శాలువాను సున్నితంగా తీసి, మడతపెట్టి పట్టుకుపోయాడు. భద్రపరచడానికి కాబోలు అనుకున్నాడు రాజారత్నం.

ముప్పై ఏళ్ళు నిండని మనిషి. గుంటూరులో పుట్టి, మద్రాసులో చదివి, ఉద్యోగరీత్యా ఇక్కడికి వచ్చాడు. పెళ్ళి కాలేదు. ఆ ఊసు ఎవరైనా ఎత్తితే, ముందు పత్రం, తరువాత పెళ్ళి అని సమాధానం చెప్పేవాడు. ఆ పత్రం మీద అతనికి అంత గురి.

గురి కలగడానికి కారణం లేకపోలేదు. వేసవి సెలవుల్లో అతడు రొంపిచెర్లకు అవతల ఉన్న తాటికుంటపాలెంలో, చర్చి బడి పంతులు గురవయ్య గారింట మకాం పెట్టి, చర్చి వీధిలోని ఇళ్ళన్నీ తిరిగాడు. పూటకు ఒక ఇల్లు మాత్రమే. ఎంత పొలం, ఏమి పంట, ఇంట్లో పెళ్ళికావలసిన ఆడపిల్లలెందరు, వాళ్ళెంతవరకు చదివారు, ఏయే పనులు వచ్చు, పాడి ఎంత? గ్రామస్థుడి మాట నమ్మవద్దు, కంటితో చూసినదే వ్రాసుకో అన్న గురువుల హితవును అతడు అక్షరాలా పాటించాడు. పాడి ఉందంటే లేచి వెళ్ళి గేదెను చూసేవాడు. అప్పుడుగాని కలం కదిలేది కాదు.

ఆ చూపులోంచే ఒక అద్భుతం బయటపడింది. మెట్ట గ్రామం, వానకు మొహం వాచిన నేల. అయినా ఈడొచ్చిన ఆడపిల్ల ఉన్న ప్రతి ఇంటి ముందూ పాడిగేదె ఉంది. కంచు గ్లాసులో కాఫీ ఉంది. చేతుల కుర్చీ ఉంది. మగపిల్లలు మాత్రమే ఉన్న ఇళ్ళలో ఈ మూడూ లేవు. రాజారత్నం తిరిగి వచ్చి గదిలో తలుపు వేసుకుని ఆలోచించాడు. ఆడపిల్లల శ్రమ వల్ల పాడి, పాడి వల్ల సంపద అని ఒక సిద్ధాంతం తయారైంది. పత్రం చివర, ఇంత నిశితంగా చూసినవాడు మరొకడు లేడని తెలియజేయడానికి, చిన్న అక్షరాలలో ఒక అధోజ్ఞాపిక కూడా చేర్చాడు: "ఎడమ కొమ్ము చెవి మీదికి వాలి ఉండటం ఈ ప్రాంతపు గేదెలలో కనబడే జాతి లక్షణం."

సదస్సు నిర్వహించే ఆచార్య గోపాలరావు గారు పత్రాన్ని చదివి జవాబు వ్రాశారు. ఆయన కృష్ణా డెల్టా రైతుబిడ్డ. సిద్ధాంతం సంగతి సదస్సులో తేల్చుకోవచ్చుననీ, అధోజ్ఞాపిక మాత్రం తనకు నిద్ర పట్టనివ్వడం లేదనీ, గుంటూరుకు ఎలాగూ వస్తున్నాను కనుక ఒక పూట ఆ గేదెలను చూసిపోతాననీ సారాంశం.

ప్రిన్సిపాలు గారు ఉబ్బితబ్బిబ్బయ్యారు. రాజారత్నం వెంటనే గురవయ్య గారికి కబురు పంపాడు: "శనివారం మా పెద్దాయన వస్తున్నారు. ఈడొచ్చిన పిల్లలున్న ఇళ్ళన్నీ స్వయంగా చూస్తారట. తమరు అందరికీ చెప్పి ఉంచగలరు."

శనివారం ఉదయం బస్సు దిగి, జొన్నచేల మధ్య నడిచి, ఇద్దరూ ఊరు చేరేసరికి చర్చి వీధి వీధంతా అలికి ముగ్గులేసి ఉంది. గురవయ్య గారు ఉతికిన కండువాతో ఎదురొచ్చి ఆచార్యుల వారికి రెండు చేతులా నమస్కరించారు.

"తమరు పెద్దలు, శ్రమ తీసుకొని వచ్చారు. అంతా దేవుని చిత్తం" అన్నారాయన.

"అర్థశాస్త్రంలో దేవుని చిత్తానికి చోటు తక్కువండీ" అని నవ్వారు గోపాలరావు గారు.

మొదటి ఇల్లు అంతోనిది. వాకిట్లో గేదె, మెడలో కనకాంబరాల దండ, ఎడమ కొమ్ము చెవి మీదికి వాలి ఉంది. రాజారత్నం గర్వంగా చేయి చూపించాడు. ఆచార్యులు కళ్ళద్దాలు సవరించుకొని, గేదె చుట్టూ ఒకసారి తిరిగి, వెన్ను నిమిరి, "ఊఁ" అన్నారు. అంతోని కూతురు కొత్త చీరలో వచ్చి, తల వంచుకొని కంచు గ్లాసులతో కాఫీ ఇచ్చింది. ఆయన ఒక్క గుక్కలో తాగి లేచారు.

"అప్పుడేనా సారూ!" అన్నాడు అంతోని, కంగారుగా గోడ అవతలికి చూస్తూ. "కూకోండి, పకోడీలు ఏగుతున్నాయి."

"పకోడీలు తిరుగు ప్రయాణంలో. పదండి రాజారత్నం గారూ."

రాజారత్నం పూటకొక ఇల్లు చూశాడు. ఈయన గడియకొక ఇల్లు చూసే రకం. తేడా అంతా అక్కడే వచ్చింది.

రెండవ ఇల్లు హన్నమ్మది. భర్త పోయాక మిరపచేలో కూలికి పోతూ కూతుర్ని మెట్రిక్ దాకా చదివించిన మనిషి. వీళ్ళు గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఆమె చేతిలో చీపురు ఇంకా ఉంది. గుంజ ఉంది, పలుపుతాడు ఉంది, గేదె లేదు. కూర్చోవడానికి కుర్చీ కూడా లేదు.

"ఇదేమిటమ్మా, వేసవిలో ఇక్కడే కట్టి ఉందే!" అన్నాడు రాజారత్నం.

"మేతకు పోయింది నాయనా, వచ్చుద్ది, ఇప్పుడే వచ్చుద్ది" అని హన్నమ్మ పెరటి గోడ దగ్గరికి పరుగెత్తి, గుసగుస అనుకొని ఊరంతా వినబడేలా అరిచింది. "ఏమే మణెమ్మా! ఆ అంతోనిగాడు బర్రెను వదిలాడా లేదా? కుర్చీ ఏదీ? మనుషులు వాకిట్లో నిలబడుంటే!"

గోడ అవతలినుంచి మరొక గొంతు వచ్చింది. "తోలకొస్తన్నానే తల్లీ! అది నడవొద్దా? పొద్దున్నుంచి దాన్ని ఎన్ని ఇళ్ళు తిప్పుతారే?"

సందులోంచి ముందు ఒక కుర్రాడి నెత్తిన కుర్చీ, దాని వెనుక రొప్పుతూ గేదె, దాని వెనుక తాడు పట్టుకొని మణెమ్మ ప్రవేశించారు. గేదె మెడలో కనకాంబరాల దండ సగం తెగి వేలాడుతోంది. ఎడమ కొమ్ము చెవి మీదికి వాలి ఉంది.

ఆచార్యులు వంగి దాని ముఖంలోకి చూశారు. గేదె కూడా ఆయనను గుర్తుపట్టినట్లే ఉంది.

"రాజారత్నం గారూ, మీ జాతి మొత్తం ఇదేనా?" అన్నారాయన నెమ్మదిగా.

రాజారత్నం చెవుల దాకా ఎర్రబడ్డాడు. "ఏమిటమ్మా ఇది? నాకెందుకు అబద్ధం చూపించారు?"

హన్నమ్మ చీపురు మూలన విసిరి, కొంగు దోపుకొని నిలబడింది. "అబద్ధమేంది? పెళ్ళిచూపులకు వచ్చినోడికి ఉత్త గుంజ చూపిస్తామా? ఏసంకాలం నువ్వొచ్చావు. పిల్లలెందరు, ఎంత చదివారు, వంటొచ్చా, కుట్టొచ్చా అని అడిగావు. అన్ని ఇళ్ళలో అడిగావు, ఏ పిల్లా నచ్చిందని చెప్పకుండా పోయావు. ఇప్పుడు పెద్దాయన్ని తోలుకొచ్చావు. చానా మంచిది, ఇయ్యాలన్నా తేల్చు!"

"నేను పెళ్ళికి రాలేదమ్మా, పరిశోధనకు వచ్చాను."

"పరిశోధనంటే ఏందో! పిల్లను చూట్టానికి వచ్చి పరిశోధన అంటన్నాడు" అని మణెమ్మ ముక్కున వేలేసుకుంది.

గురవయ్య గారు కండువాతో మొహం తుడుచుకున్నారు. "క్షమించాలి సార్, నేనూ అట్లాగే అనుకున్నాను. తమరు పంపిన కబురు కూడా అట్లాగే ఉంది గదా."

"పర్వాలేదులే నాయనా, దిగులుపడమాక" అన్నది హన్నమ్మ, అతని మొహం చూసి జాలిపడి. "మా పిల్ల నిన్ను అప్పుడే వద్దంది, మరీ పుల్లలాగా ఉన్నావని. ఇరుగుపొరుగు కడితే నేను కట్టకపోతే బాగుండదని కట్టాను."

లోపలినుంచి కిలకిలమని నవ్వు వినిపించింది.

రాజారత్నం ఆ కుర్చీలో కూలబడ్డాడు. మరో పది రోజుల్లో సదస్సు. దండ ముందే మెడలో పడిపోయింది, చప్పట్లు ముందే మోగిపోయాయి. సిద్ధాంతం మొత్తం ఒక ముసలి గేదె వెంట సందులో కొట్టుకుపోయింది. రానని వ్రాస్తే నరసరావుపేటలో తలెత్తుకోలేడు. వెళ్ళి చదివితే తనకు తాను మొహం చూపించుకోలేడు. ఆచార్యులు గేదెకు గడ్డి అందిస్తూ, ఏ సంగతైనా అతడే తేల్చాలన్నట్లు పక్కకు తిరిగి నిలుచున్నారు.

రాజారత్నం తలెత్తాడు. "ఈ గేదె ఎవరిదమ్మా?"

"నాదే" అన్నది మణెమ్మ.

"మీకు ఆడపిల్లలు లేరు గదా. వేసవిలో మీ ఇంటి ముందు గేదె లేదని వ్రాసుకున్నాను."

"ఎట్టుంటుంది? మరుసటి పూట చూపులకని ముందే అంతోని ఇంటికి తోలాం."

"ఈ కుర్చీ?"

"సుభానీ సైకిల్ షాపుది. రొంపిచెర్ల నుంచి నెత్తిన పెట్టుకొని తెచ్చాం."

"గ్లాసులు?"

"అయి గురవయ్య మాస్టారివి."

గురవయ్య గారు దగ్గి అటు చూశారు.

"ఇవన్నీ మీరెందుకిస్తారమ్మా? మీకేమిటి లాభం?"

మణెమ్మకు ప్రశ్న అర్థంకావడానికి కాస్త సమయం పట్టింది. "లాభమేంది సారూ? మా పెద్దోడికి పిల్లను చూట్టానికి దాచేపల్లి దిక్కు పోతే, వాళ్ళూ ఎవరి బర్రెనో కట్టారు. ఏడాది తిరిగాక తెలిసింది. తెలిస్తే ఏమైంది? పిల్ల బంగారం. ఒక పూట ఇంటి ముందు బర్రె నిలబడితే ఆ పిల్ల తల ఎత్తుకొని కాఫీ ఇచ్చుద్ది. అది చాలు."

రాజారత్నం చేతిసంచీలోంచి తెల్లకాగితాలు తీశాడు. కలం మూత విప్పాడు.

"గురవయ్య గారూ, ఇంకా ఏమేమి తిరుగుతాయి? మొదటినుంచి చెప్పండి."

అప్పుడు గోపాలరావు గారు చేతికంటిన గడ్డి దులుపుకొని, "అంతోని గారింట్లో పకోడీలు చల్లారుతున్నాయి. అక్కడ కూర్చుని వ్రాద్దాం" అన్నారు. వీధి వీధంతా వాళ్ళ వెనకాల కదిలింది. పెళ్ళి లేదని తేలిపోయాక అందరి నోళ్ళూ స్వేచ్ఛగా లేచాయి. జరీ చీర ఎవరిదో, గోడ గడియారం ఎవరింటినుంచి ఎవరింటికి వెళ్ళిందో, ఒకరి మాట మీద ఒకరు పడుతూ చెప్పారు.

వాల్తేరులో రాజారత్నం చదివిన పత్రానికి పాత శీర్షిక లేదు, పాత సిద్ధాంతం లేదు. ఊరు తనను పెళ్ళికొడుకని పొరబడిన సంగతితో ప్రారంభించి, ఒక్క గేదె ఒక వీధి పరువును ఎలా మోస్తుందో వివరించాడు. సదస్సు మొదట నవ్వింది, తరువాత ప్రశ్నలతో విరుచుకుపడింది. అధోజ్ఞాపికను అతడు తొలగించలేదు. "పై లక్షణం గల గేదె ఒక్కటే" అని సవరించి అలాగే ఉంచాడు.

నరసరావుపేటలో మళ్ళీ సభ జరిగింది. అదే మఖమలు కుర్చీ, అదే జరీ శాలువా. ప్రిన్సిపాలు గారు పౌరుషం, పరిశోధన అని మొదలుపెట్టారు. సభ ముగిశాక షబ్బీర్ యథాప్రకారం శాలువా కోసం చేయి చాపాడు. రాజారత్నం దాన్ని తానే మడతపెట్టి అందించాడు.

"ఎవరిదోయ్ ఇది?"

షబ్బీర్ అటూ ఇటూ చూశాడు. "ప్లీడరు గారిది సార్. కుర్చీ సినిమా హాలుది. మొదటి ఆటకు అక్కడుండాలి, లేకపోతే మేనేజరు గోల చేస్తాడు."

"అలాగా! ఒక్కడివి ఎలా మోస్తావు? ఆ పక్క పట్టు" అన్నాడు రాజారత్నం, మెడలో దండతోనే వంగి కుర్చీ కోడు అందుకుంటూ.