స్టూలు మీద హన్నమ్మ

ఇలా నా పక్కకి జరుగమ్మా. చెవులు చేటలు చేసుకుని విను. కొల్లేటి ఒడ్డున మా పేటలో, బియ్యం కార్డులో తన పేరు నిలుపుకోవాలని హన్నమ్మ ఎంత పని చేసిందో చెబుతాను.

ఎండ నడినెత్తికి వచ్చింది. బడి వరండాలోంచి మొదలైన వరుస రోడ్డు దాకా సాగింది. ఆ ఏడు పాత కార్డులు తీసేసి కొత్తవి ఇస్తున్నారు. ఏ ఇద్దరి కంటిపాపలూ ఒక్కలా ఉండవట. అందుకని ఇంట్లో ప్రతి మనిషికీ కంటిపాప ఫొటో తీస్తే దొంగ కార్డులన్నీ పోతాయట. ఏలూరు నుంచి సాయిగణేష్ అనే కుర్రాడు కంప్యూటరూ, కళ్లకి ఆనించే నల్ల పెట్టే పట్టుకొచ్చాడు. పక్కన కుర్చీలో రేషను డీలరు శ్రీరంగనాయకులు శెట్టిగారు విసనకర్రతో విసురుకుంటున్నారు.

హన్నమ్మ స్టూలు మీద కూర్చుని పెట్టెలోకి చూసింది. పెట్టె కీచుమంది. మళ్లీ చూసింది. మళ్లీ కీచుమంది.

"కంట్లో తెల్లపొర ఉందండి మామ్మగారూ. మిషను తీసుకోట్లేదు."

"నాకు మీరు మసగ్గా కనబడుతున్నారు గానీ బాబూ, మీకు నేను బాగానే కనబడుతున్నాను కదండీ?"

వరుసంతా నవ్వింది. కుర్రాడూ నవ్వాడు.

"నాకు కనబడితే చాలదండీ. దానికి కనబడాలి."

"కళ్లు శుభ్రం చేసుకుని ఎల్లుండిలోపు రా హన్నమ్మా," అన్నారు శెట్టిగారు. "ఎల్లుండితో పెట్టె సర్దేస్తారు. ఇంట్లో ఒక్కరి కన్ను పడకపోయినా ఇంటిల్లిపాదికీ కార్డు రాదు. తర్వాత నా మీద పడి ఏడవకండి."

ఇంటిల్లిపాదీ అంటే ఎవరమ్మా? హన్నమ్మ, కొడుకు పోయాక తనతోనే ఉండిపోయిన కోడలు పెర్సిస్, ఇద్దరు పసిపిల్లలు. అబ్బాయిరాజుగారి చేపల చెరువు మీద పొద్దస్తమానం పనిచేస్తే పెర్సిస్ కూలి యాభై రూపాయలు. కార్డు మీద మనిషికి నాలుగు కిలోలు, కిలో అయిదూ పావలా. బజార్లో అదే బియ్యం పద్నాలుగు. ఏలూరు వెళ్లి పొర తీయించుకుంటే కన్ను కుదుటపడటానికే నెల పడుతుంది. చేతిలో ఉన్నది ఎల్లుండి.

ఇంటికెళ్లే దారిలో హన్నమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. "నత్తనీళ్లు వేసుకుంటానే. మా అమ్మమ్మ వేసేది. కొల్లేటి నీళ్లలాగే తేటపడేవి కళ్లు."

నిజమే. అప్పట్లో కంటికి ఏ జబ్బు చేసినా మా వాళ్లు కొల్లేట్లో నత్తను ఏరి, బోర్లించి, మూత మీద వేలితో నొక్కి, కారిన చుక్కలు కంట్లో పోసేవాళ్లు. కానీ అప్పటి కొల్లేరు ఏదీ? గట్లు వేసి చెరువులు చేశారు. చేపల మేత తినేస్తున్నాయని నత్తలు చావడానికి మందు చల్లుతున్నారు. ఆ మందుకీ చావకుండా తూము దగ్గర కరుచుకున్న నత్తల్ని పెర్సిస్ ఒళ్లో వేసుకొచ్చింది. అత్తగారు అడిగింది, కోడలు తెచ్చింది. ఇద్దరిలో ఎవరిని తప్పుపడతావు?

"మండుతోందా అత్తయ్యా?"

"మండనీ. మండితేనే పొర ఊడుద్ది. ఇంకో చుక్క వెయ్యి."

ఆఖరి రోజు పొద్దున్న హన్నమ్మ మంచం మీద లేచి కూర్చుని, "తెల్లారిందా పెర్సిస్సూ?" అని అడిగింది. ఎండ ఆమె ముఖం మీదే పడుతోంది.

కోడలు చెయ్యి పట్టుకుని బడికి నడిపించుకొచ్చింది. రెప్పలు బూరెల్లా ఉబ్బి అంటుకుపోయాయి. హన్నమ్మ స్టూలు తడుముకుని కూర్చుని, రెండు చేతుల వేళ్లతో రెప్పలు విడదీసి పెట్టెకి ఆనించింది. చీము పెట్టె మీద కారింది. సాయిగణేష్ గబగబా జేబురుమాలు తీసి పెట్టె తుడిచాడు.

"ఏం వేశారండీ ఇందులో?"

"నత్తనీళ్లు బాబూ. శుభ్రం చేసుకు రమ్మన్నారు కదండీ."

ఆ కుర్రాడు తల దించుకున్నాడు. "కన్ను పడలేదని రాసే చోటు ఇందులో లేదండి శెట్టిగారూ. ఉన్నారు, చనిపోయారు. ఆ రెండే ఉన్నాయి."

"అయితే చనిపోయిందని కొట్టెయ్యవయ్యా. మిగతా వాళ్లకి కార్డొస్తుంది. పెర్సిస్సూ, వచ్చి వేలిముద్ర వెయ్యి."

"మనిషి ఎదురుగా ఉందండీ..." అంది పెర్సిస్.

"లేదని ఎవరన్నారే? కంప్యూటరు వరకే. ఇంటికి తీసుకుపోయి సుఖంగా చూసుకో."

పెర్సిస్ కదల్లేదు. హన్నమ్మే గాలిలో చెయ్యి చాపి కోడలి చేతిని వెతుక్కుంది. "వెయ్యవే తల్లీ. పిల్లలు గంజి తాగాలి."

పెర్సిస్ కాగితం మీద వేలిముద్ర వేసింది, కుర్రాడు మీట నొక్కాడు. ఈసారి పెట్టె కీచుమనలేదు. తియ్యగా టింగుమంది.

"అయిపోయిందండి. లేవండి మామ్మగారూ, వెనక చాలామంది ఉన్నారు."

హన్నమ్మ లేవలేదు.

"నిన్నేనే, లే," అన్నారు శెట్టిగారు.

"ఎలా లేస్తానండీ? ఇప్పుడే కదండీ చచ్చిపోయానన్నారు. శవం తనంతట తాను లేచి నడుస్తుందాండీ? మీరే మొయ్యండి. శెట్టిగారూ, మీరు తలవైపు పట్టుకోండి. బాబు చిన్నవాడు, కాళ్లు పట్టుకుంటాడు."

ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆగిపోయారు. శెట్టిగారి విసనకర్ర ఆగింది. పెర్సిస్ అత్తగారి కాళ్ల దగ్గర నేల మీద చతికిలబడింది. వరుసలో తర్వాతవాడు అహరోను తాత. ఆయన కళ్లలోనూ పొరే. ఆయన చేతికర్ర పక్కన పెట్టి, మెల్లగా పెర్సిస్ పక్కన కూర్చున్నాడు.

నత్తనీళ్లు పోసుకున్న పిచ్చిదని హన్నమ్మని నవ్వేవాళ్లు ఇప్పటికీ ఉన్నారమ్మా. నీ దగ్గర ఎవరైనా అలా నవ్వితే ఊరుకోకు. ఆ పెట్టెలో ఏ రెండు మాటలకే చోటుందో చెప్పు. ఆ స్టూలు మీంచి ఆమె లేవలేదని చెప్పు. నేను మరిచిపోయినా నువ్వు మరిచిపోకు.