నరం దాటిన మందు

తెగిన దారం కొసను ఎడమచేత్తో పట్టుకుని గోవిందమ్మాళ్ కుడిచేత్తో ముడి వెయ్యబోయింది. చూపుడువేలు వంగింది గాని బొటనవేలు దాని దగ్గరికి రాలేదు. ఆలోగా పక్క కండె మీద ఇంకో దారం తెగింది.

సింగానల్లూరు మిల్లులో నూలు చుట్టే పని ఆమెకు ఇరవై రెండేళ్లది. నిద్రలో కూడా ఆ వేళ్లు ముడులు వేసేవి. మూణ్ణెల్ల తరువాత ఈ ఉదయమే తిరిగొచ్చింది. సాయంత్రం పని ముగిసే సంగు, మిల్లు సైరన్, ఊదేలోగా తన వరుస కండెలు ఆగకుండా తానే నడుపుకోగలిగితేనే పని ఉంటుంది.

"నా చేతిలో లేదుమ్మా. మేనేజర్ ఆర్డర్," అన్నాడు మేస్త్రి తిరుమలసామి, ఎటో చూస్తూ.

ఆమె కుడి ముంజేతి నుంచి వేళ్ల మొదళ్ల దాకా చర్మం మాడిన పాకంలా నల్లగా బిగుసుకుపోయింది. ఎండాకాలంలో కళ్లు తిరిగి పడిపోతే ఆసుపత్రిలో సీసామందు ఎక్కించారు. సూది నరంలోంచి జారి, మందంతా చర్మం కిందికి చేరింది. చెయ్యి ఉబ్బి నిప్పులా మండింది. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నర్సు రెండుసార్లు మంచం పక్కనుంచే నడిచిపోయింది. గోవిందమ్మాళ్ పిలవలేదు.

"ఏలక్కా పిల్వలేదు? నోరు లేదా?" అంది పక్క వరుస సీతమ్మాళ్, అన్నం తినేటప్పుడు.

"నడిచే మెషీన్ని మనం నిలిపితే మేస్త్రి ఊరుకొంటాడా? ఆ సీసా కూడా అట్లే అనుకొంటి. డాక్టర్ వచ్చి నిలపాల."

"మెషీనా అది! పిచ్చిదానా, పైత్యకారి!" సీతమ్మాళ్ పకపకా నవ్వి, ఆ చెయ్యి చూసి ఆగిపోయింది. "వలిస్తాదా, నొప్పుందా?"

"లేదు. తాకినా తెల్లేదు. అదే బయం."

ఆ రోజు ఆసుపత్రిలో మంచం పక్కన ఎవరైనా కూర్చుని ఉంటే, ఆ ఉబ్బు చూసి వాళ్లే కేక వేసేవారు. ఎవరూ లేరు.

మధ్యాహ్నం ఆమె, ఆకువక్క నమిలి ఎర్రబడిన పళ్లతో ముడులు వేసింది. సీతమ్మాళ్ వంగి వంగి ఆమె దారాలు కూడా కలుపుతోంది. సీతమ్మాళ్ వరుసలో మూడు కండెలు ఊరికే నిలబడిపోయాయి. మేస్త్రి అటే చూస్తున్నాడు.

"నీ వరుస చూసుకో సీతా," అంది గోవిందమ్మాళ్.

"ఉండక్కా, ఈ ఒగటి."

"ఒగటి ఒగటని నీ కూడు కూడా పోతాది."

గోవిందమ్మాళ్ చీర మీది దూది దులుపుకుంది. "పోయొస్తా," అంది. నీళ్లు తాగడానికేమో అనుకుని సీతమ్మాళ్ తలెత్తకుండానే ఊఁ కొట్టింది. సంగు ఊదడానికి ఇంకా గంటన్నర ఉంది. గేటు దాటిన మనిషి మళ్లీ రాలేదు.

ఆమె వరుసలో, సగం నిండిన కండె మీద, ఆకువక్క ఎరుపు అంటిన లావుపాటి ముడి ఒకటి ఇంకా తడిగానే ఉంది.